బంపర్ టు బంపర్ పాలసీ: వెనకనుంచి దెబ్బ తిన్న కారును ఎంతవరకు ఆదుకుంటుంది?

బీమా కంపెనీలు జీరో డిప్రిసియేషన్ (విడిభాగాలకు తరుగుదల కోత లేకపోవడం) అని రాసుకునే, ఏజెంట్ల నోట బంపర్ టు బంపర్‌గా స్థిరపడిన అదనపు రక్షణను నేను ఒక ప్రైవేటు కంపెనీ దగ్గర కొన్నేళ్లుగా కొనసాగిస్తున్నాను. గచ్చిబౌలి నుంచి కొండాపూర్ వెళ్లే దారిలో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మా కారును వెనకనుంచి మరో కారు గుద్దింది. ఆ తోపుకు మా కారు కదిలి ముందున్న వాహనానికి తగిలింది. ఎవరికీ గాయాలు కాలేదు. వెనక బంపరు, డిక్కీ తలుపు, ఎడమవైపు టెయిల్ ల్యాంపు, ముందు బంపరు, గ్రిల్లు దెబ్బతిన్నాయి. అప్పుడు ఈ పాలసీని వాడుకోవలసి వచ్చింది కాబట్టి పాలసీ గురించి, క్లెయిమ్ నడిచిన తీరు గురించి, షెడ్డులో జరిగిన పని గురించి ఇక్కడ రాస్తున్నాను. ఇందులో చెప్పే నియమాల్లో ఎక్కువ భాగం దేశంలోని అన్ని సాధారణ బీమా కంపెనీలకూ వర్తించేవే కాబట్టి కంపెనీ పేరుతో పని లేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఐదేళ్ల లోపు కారుకు, ముఖ్యంగా హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల రద్దీలో రోజూ తిరిగే కారుకు ఈ రక్షణ కచ్చితంగా కొనదగినది. అయితే పేరు విని బంపరు నుంచి బంపరు దాకా అన్నీ కంపెనీయే భరిస్తుందని అనుకుని కొనేవారికి, తప్పు తమది కాకపోయినా నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎందుకు పోతోందో, క్లిప్పులకూ ఆయిలుకూ డబ్బు ఎందుకు కట్టమంటున్నారో అర్థం కాదు. ఈ రెండు విషయాలూ అమ్మేటప్పుడే చెప్పవలసినవి. మా ఏజెంటు గారు అడిగితే చెప్పారు. అడగనివారికి చెబుతారన్న నమ్మకం నాకు లేదు.

మామూలు సమగ్ర పాలసీలో కంపెనీ విడిభాగాల ఖరీదు మొత్తం ఇవ్వదు, తరుగుదల తీసేసి ఇస్తుంది. రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి కారు వయసుతో సంబంధం లేకుండా 50 శాతం కోత పడుతుంది. ఫైబర్ గ్లాస్ భాగాలకు 30 శాతం. అద్దాలకు కోత లేదు. ఇనుప భాగాలకు మాత్రం కారు వయసును బట్టి మారుతుంది: మొదటి ఆరు నెలల్లో ఏమీ ఉండదు, ఏడాది దాటి రెండేళ్ల లోపు అయితే 10 శాతం, మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపు 25 శాతం, ఆ తర్వాత ఐదో ఏడు నిండేదాకా 35 శాతం. వెనకనుంచి తగిలే దెబ్బలో పోయేవన్నీ దాదాపు ప్లాస్టిక్ భాగాలే కావడం ఇక్కడ గమనించవలసిన సంగతి. బంపరు ప్లాస్టిక్, టెయిల్ ల్యాంపు ప్లాస్టిక్, లోపలి లైనింగు ప్లాస్టిక్. అంటే కారు కొని ఏడాది కాకపోయినా, మామూలు పాలసీ ఉన్నవారు ఈ రకం ప్రమాదంలో ప్లాస్టిక్ భాగాల ఖరీదులో సగం సొంతంగా పెట్టుకోవలసి వస్తుంది.

లెక్క వేసి చూద్దాం. మూడేళ్లు దాటిన, 1500 సీసీ లోపు ఇంజను ఉన్న కారుకు వెనక బంపరు 10,000, డిక్కీ తలుపు 20,000, టెయిల్ ల్యాంపు 6,000, పెయింటింగు 16,000, కూలి 8,000 కలిపి 60,000 రూపాయల బిల్లు అయిందనుకుందాం. మామూలు పాలసీలో బంపరు మీద 5,000, తలుపు మీద 5,000, ల్యాంపు మీద 3,000 తగ్గిస్తారు. పెయింటింగు బిల్లులో పావు వంతును సామగ్రి ఖర్చుగా లెక్కించి అందులో సగం, అంటే 2,000 తగ్గిస్తారు. కూలికి కోత ఉండదు. దీనికి తోడు 1500 సీసీ లోపు కార్లకు 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000 రూపాయలు ప్రతి క్లెయిమ్‌లోనూ యజమాని తప్పనిసరిగా భరించాలి, దీన్నే తప్పనిసరి మినహాయింపు అంటారు. మొత్తం మీద 16,000 రూపాయలు జేబులోంచి పోతాయి. బంపర్ టు బంపర్ ఉంటే ఇందులో ఆ 1,000 మాత్రమే జేబులోంచి పోతుంది. నా బిల్లు అంకెలు వేరే అయినా తేడా ఇదే తరహాలో వచ్చింది. ఈ ఒక్క క్లెయిమ్‌లో మిగిలిన డబ్బు, ఈ రక్షణ కోసం నేను ఇన్నేళ్లుగా అదనంగా కట్టిన ప్రీమియం కంటే ఎక్కువే.

జేబులోంచి పోయిన రెండో పద్దు కన్స్యూమబుల్స్. బంపరు విప్పి బిగించేటప్పుడు విరిగిపోయే క్లిప్పులు, బోల్టులు, వాషర్లు, సీలెంటు వంటివి జీరో డిప్రిసియేషన్ కిందకు రావు. వాటికి వేరే అదనపు రక్షణ ఉంది. వెనక దెబ్బలో ఇది పెద్ద మొత్తం కాదు. ముందు దెబ్బలో రేడియేటరు పగిలి కూలెంటు, ఏసీ గ్యాసు పోయినప్పుడు మాత్రం ఆలోచించవలసినంత అవుతుంది.

ఇప్పుడు సర్వే సంగతి. నా అనుభవంలో అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది ఇదే. నష్టం అంచనా వేయడానికి షెడ్డుకు వచ్చిన సర్వేయర్ గారు బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు బంపరు దగ్గర ఆగి, “వెనక దెబ్బ సరే సార్, ముందుది ఎప్పటిది?” అని అడిగారు. ఆ ప్రశ్న వెనక పెద్ద లెక్క ఉంది. పాలసీ దృష్టిలో ఒక్కో సంఘటన ఒక్కో క్లెయిమ్. ముందు దెబ్బ వేరే రోజు తగిలిందని నమోదు చేస్తే రెండు క్లెయిమ్‌లవుతాయి, తప్పనిసరి మినహాయింపు రెండుసార్లు పడుతుంది. పైగా మా పాలసీలో జీరో డిప్రిసియేషన్ ఏడాదికి రెండు క్లెయిమ్‌లకే వర్తిస్తుంది కాబట్టి ఆ రెండూ ఒక్క దెబ్బతోనే అయిపోతాయి. పాత గీతలన్నీ కొత్త క్లెయిమ్‌లో కలిపేసే యజమానులు ఉన్న మాట నిజమే కనుక, సర్వేయర్ అడగడంలో తప్పు లేదు. తప్పల్లా ఏమిటంటే, నేను జవాబు చెప్పకముందే కంపెనీ నుంచి “మీ క్లెయిమ్‌ను రెండుగా విభజించడానికి అంగీకరించండి” అని ఫోను రావడం.

నేను అంగీకరించలేదు. డ్యాష్‌క్యామ్ రికార్డింగు పంపాను. ఆగి ఉన్న బండి ఒక్కసారిగా కుదుపుకు లోనవడం, ముందున్న వాహనం నంబరు ప్లేటు తెరమీదకు దూసుకురావడం అందులో స్పష్టంగా కనిపిస్తుంది, తేదీ, సమయంతో సహా. అంతకంటే ఎక్కువ పనికొచ్చింది, రోడ్డు మీదే తీసిన ఒక ఫొటో. మా ముందు బంపరు మీద అడ్డంగా ఒక సన్నని గీత, దాని రెండు చివరలా స్క్రూ తలల గుర్తులు ఉన్నాయి. ముందు వాహనం నంబరు ప్లేటు కింది అంచు, దాని స్క్రూలు సరిగ్గా అదే ఎత్తులో ఉన్నట్టు రెండు బళ్లూ కలిసి వచ్చేలా పక్కనుంచి తీసిన ఫొటో అది. అది చూశాక సర్వేయర్ గారే ఒకే సంఘటనగా రాసుకున్నారు. కాబట్టి గొలుసుకట్టుగా బళ్లు తగులుకున్నప్పుడు, ట్రాఫిక్ వాళ్లు తొందరపెట్టినా సరే, బళ్లు కదలకముందు పక్కనుంచి మూడు బళ్లూ పడేలా ఒకటి, తగిలిన చోట దగ్గరగా ఒకటి, నంబరు ప్లేట్లు కనిపించేలా ఒకటి తీసుకోవడం తప్పనిసరి. డ్యాష్‌క్యామ్ కొనేవారు ముందుకు మాత్రమే చూసేది కాకుండా వెనక అద్దానికి కూడా కెమెరా ఉన్నది కొనడం మంచిది. గుద్దిన బండి నంబరు వెనక కెమెరాలోనే దొరుకుతుంది.

షెడ్డు విషయానికి వస్తే, పని చాలా బాగా చేశారు. బంపరు విప్పకుండా వేసిన మొదటి ఎస్టిమేట్‌ను నమ్మి వెళ్లిపోవద్దని అక్కడి బాడీషాప్ సూపర్‌వైజరు మొదటిరోజే చెప్పారు. ప్లాస్టిక్ బంపరు దెబ్బ తగిలినప్పుడు లోపలికి నొక్కుకుపోయి, వదలగానే మళ్లీ దాదాపు మొదటి ఆకారానికి వస్తుంది. దాని వెనక ఉండే ఇనుప బీము మాత్రం వంగితే వంగినట్టే ఉండిపోతుంది. బయటికి రెండు గీతలు మాత్రమే కనిపించే కారులో లోపల బీము, డిక్కీ అడుగు రేకు దెబ్బతిని ఉండవచ్చు. మా కారులో బంపరు విప్పాక బీము మధ్యలో లోపలికి వంగి కనిపించింది. స్టెప్నీ తీసి చూస్తే అది కూర్చునే గుంత అంచున పెయింటు వెంట్రుకవాసి నెర్రెలుగా విచ్చి, కింద సీలెంటు వదులైంది. అలాగే వదిలేస్తే వర్షాకాలంలో అక్కడినుంచి నీళ్లు చేరి రేకు తుప్పు పట్టేది. ఇవన్నీ రెండో ఎస్టిమేట్‌గా పంపించి, సర్వేయర్‌ను మళ్లీ పిలిపించి, చూపించి, ఒప్పించిన తర్వాతే షెడ్డువాళ్లు పని మొదలుపెట్టారు. ముందే పని చేసేసి తర్వాత బిల్లు చూపిస్తే కంపెనీ ఒప్పుకోదు.

మార్చాలా, సరిచేయాలా అన్న వాదన డిక్కీ తలుపు దగ్గర వచ్చింది. షెడ్డువాళ్లు కొత్తది వేద్దామన్నారు, సర్వేయర్ డెంటింగ్ చాలన్నారు. తాళం పడే చోట రేకు మడతపడినందువల్ల డెంటింగ్ చేసినా సందు సరిగ్గా రాదని సూపర్‌వైజరు కొలిచి చూపించడంతో కొత్త తలుపుకు అనుమతి వచ్చింది. ఇలాంటి చోట యజమాని దగ్గర ఉండి వినడం అవసరం. రంగు కలపడం, రివర్స్ సెన్సర్లు, కెమెరా అన్నీ సరిగ్గా వచ్చాయి. బండి తీసుకునేటప్పుడు డిక్కీ మూసి రెండువైపులా సందు సమానంగా ఉందో లేదో చూడాలి, వెనక అద్దం మీద పైపుతో నీళ్లు పోయించి లోపల తడి చేరుతోందేమో చూడాలి, ఆ తర్వాతే సంతృప్తి పత్రం మీద సంతకం పెట్టాలి. ఏడాస్ (డ్రైవరుకు తోడుగా ముందున్న ప్రమాదాన్ని గమనించే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) ఉన్న కార్లలో ముందు బంపరు లేదా లోగో వెనక రాడారు ఉంటుంది. దాన్ని విప్పి బిగించినప్పుడు మళ్లీ కాలిబ్రేషన్ చేయించాలి, ఆ ఖర్చు ఎస్టిమేట్‌లో ఉందో లేదో ముందే అడగాలి.

నో క్లెయిమ్ బోనస్ గురించి కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే వెనకనుంచి దెబ్బ తిన్నవారికి అన్యాయంగా తోచేది ఇక్కడే. సొంత నష్టం కింద చేసే క్లెయిమ్‌లో తప్పు ఎవరిదన్న ప్రశ్నే రాదు. సిగ్నల్ దగ్గర కదలకుండా నిలబడి దెబ్బ తిన్నా, మనమే వెళ్లి గుద్దినా మన పాలసీ మీద పడేది ఒక క్లెయిమే. దానితో బోనస్ సున్నాకు పడిపోతుంది. బోనస్ మొదటి ఏడాదికి 20 శాతం, ఆపైన 25, 35, 45, ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం. సొంత నష్టం ప్రీమియం ఏటా 12,000 అనుకుని, 50 శాతం బోనస్ ఉన్నవారు ఒక క్లెయిమ్ చేస్తే మరుసటి ఏడు 6,000, ఆపై 3,600, 3,000, 1,800, 600 చొప్పున ఎక్కువ కట్టుకుంటూ పోవాలి. ఐదేళ్లలో మొత్తం 15,000 అవుతుంది. కారు విలువ తగ్గేకొద్దీ ప్రీమియం కూడా తగ్గుతుంది కాబట్టి నిజంగా పోయేది ఇంతకంటే కొంత తక్కువే. అయినా ఎనిమిది, పదివేల పనికి క్లెయిమ్ చేయడం నష్టమని, అరవై వేల పనికి చేయకపోవడం అంతకంటే నష్టమని ఈ లెక్కతో తేలిపోతుంది. ఒక క్లెయిమ్ దాకా బోనస్‌ను నిలిపే ఎన్‌సీబీ ప్రొటెక్షన్ అనే మరో అదనపు రక్షణ ఉంది. మా పాలసీలో అది ఉండడం వల్ల బోనస్ చెక్కుచెదరలేదు. 50 శాతం మెట్టు మీద ఉన్నవారు జీరో డిప్రిసియేషన్‌తో పాటు దీన్ని కూడా తీసుకుంటేనే వెనక దెబ్బ నుంచి పూర్తి రక్షణ దొరుకుతుందని నా అభిప్రాయం. కారు అమ్మేసినా బోనస్ యజమానితోనే ఉంటుంది, కంపెనీ మారినా వెంట వస్తుంది. పాలసీ గడువు ముగిసిన 90 రోజుల్లోగా రెన్యువల్ చేయకపోతే మాత్రం పోతుంది.

గుద్దినవారి బీమా నుంచి ఎందుకు రాబట్టకూడదు అని చాలామంది అడుగుతారు. చట్టప్రకారం రాబట్టవచ్చు. ప్రతి బండికీ తప్పనిసరి అయిన థర్డ్ పార్టీ బీమాలో ఎదుటివారి ఆస్తి నష్టానికి కార్ల విషయంలో 7.5 లక్షల రూపాయల వరకు రక్షణ ఉంటుంది. అయితే దానికి పోలీసు రికార్డు, మోటారు ప్రమాదాల క్లెయిమ్ ట్రిబ్యునల్‌లో దరఖాస్తు, వాయిదాలు ఉంటాయి. బంపరు కోసం ఆ దారి పట్టేవారు అరుదు. అందువల్లే రోడ్డు మీద “తప్పు నాదే అన్నా, ఈ ఐదువేలు ఉంచండి” అన్న బేరం పుడుతుంది. బీము వంగిందో లేదో బంపరు విప్పితే గాని తెలియదు కనుక, ఆ బేరంలో నష్టపోయేది సాధారణంగా దెబ్బ తిన్నవారే. అంతేకాక, కంపెనీ రాతపూర్వక అంగీకారం లేకుండా ఒప్పుకోళ్లు, హామీలు, చెల్లింపులు చేయకూడదన్న షరతు పాలసీలో ఉంది. మనం గుద్దిన సందర్భంలోనైనా, రోడ్డు మీద కాగితం మీద సంతకం పెట్టేముందు ఈ షరతు గుర్తుంచుకోవాలి. ఎవరికైనా గాయమైతే బేరం మాటే రాకూడదు. బండి ఆపి, గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చి, 24 గంటల్లోగా పోలీసులకు తెలియజేయడం మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం డ్రైవరు విధి. దెబ్బతిన్న బండిని రిపేరు చేయించకుండా నడిపి నష్టం పెంచుకుంటే ఆ పెరిగిన భాగం కంపెనీ ఇవ్వదు. టెయిల్ ల్యాంపు పగిలిన కారును రాత్రిపూట ఇంటిదాకా నడపడం కంటే పాలసీలోని రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు ఫోను చేసి షెడ్డుకు తరలించడం అన్నివిధాలా మేలు. మాకు ఆ సేవ ఆలస్యం లేకుండా అందింది.

ఈ పాలసీ ఎంత మంచిదైనా మెడను బాగుచేయలేదు. వెనక దెబ్బకు ఒళ్లు సీటుతో పాటు ముందుకు తోసుకుపోయి, తల వెనకబడి, మెడ నరాలు, కండరాలు పట్టేస్తాయి. ఇలాంటి దెబ్బలో ముందు ఎయిర్‌బ్యాగులు సాధారణంగా తెరుచుకోవు. అక్కడ కాపాడేది హెడ్‌రెస్టు. దాని పై అంచు తల పై భాగానికి సమంగా ఉండేలా పైకి లేపుకోవాలి. చాలా కార్లలో అది కొన్ననాటి నుంచి కింది మెట్టులోనే ఉండిపోతుంది, మెడ దగ్గర ఆనుకుని అది మేలుకు బదులు కీడు చేస్తుంది. పాలసీతో వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మరణానికి, శాశ్వత వైకల్యానికే గాని మెడనొప్పి చికిత్స బిల్లులకు పనికిరాదు.

అందుకే దెబ్బ తగలకుండా చూసుకోవడం గురించి కూడా ఈ సమీక్షలోనే రాయాలనిపించింది. ముందు వాహనం హఠాత్తుగా ఆగినా తగలనంత దూరం ఉంచడం డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో, ముందు వెళ్తున్న ట్రక్కుకు పది పదిహేను అడుగుల దూరంలో కారు నడపడం సురక్షితమైన దూరం కాదని తేల్చి చెప్పింది. అలాగని బాధ్యతంతా వెనకవారిదే అనుకోకూడదు. 2017లో కోయంబత్తూరు దగ్గర హైవే మీద కారు ఉన్నట్టుండి ఆగిపోగా, వెనక వస్తున్న బైకు దాన్ని తగిలి పడిపోయి, నడుపుతున్న విద్యార్థి బస్సు కింద పడి కాలు పోగొట్టుకున్నాడు. ఆ కేసులో 2025లో సుప్రీంకోర్టు కారు నడిపినవారికి 50 శాతం, బస్సుకు 30 శాతం, బైకు నడిపిన యువకుడికి 20 శాతం బాధ్యత నిర్ణయించింది. హైవే మీద సంకేతం ఇవ్వకుండా హఠాత్తుగా బ్రేకు వేయడం నిర్లక్ష్యమేనని దీనితో స్పష్టమైంది.

ఎంత దూరం కావాలన్నది అడుగుల్లో కంటే సెకన్లలో చూసుకోవడం సులువు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. ప్రమాదం కనిపించి కాలు బ్రేకు మీద పడేలోపే సెకను గడిచిపోతుంది. వేగం రెట్టింపయితే బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. ముందు బండి ఒక కరెంటు స్తంభాన్ని దాటాక మనం దాన్ని చేరడానికి మూడు సెకన్లు పట్టాలి, వానలో అంతకంటే ఎక్కువ. 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద కుడివైపు లేన్లలో 120 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. ఆ వేగంలో మూడు సెకన్లంటే నూరు మీటర్లు. అక్కడ అంత ఖాళీ వదిలేవారు చాలా తక్కువమంది కనిపిస్తారు. నగరంలో ఖాళీ వదిలితే ఆటో దూరుతుంది, బైకు దూరుతుంది, ఇది నిజమే. దూరినప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం వదిలి మళ్లీ ఖాళీ చేసుకోవడం తప్ప వేరే దారి లేదు. ఇంటికి చేరడంలో దానివల్ల వచ్చే ఆలస్యం లెక్కలోకి రాదు.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముందు బండి వెనక టైర్లు రోడ్డుకు ఆనే చోటు మనకు కనిపించేంత దూరం ఉంచాలి. మా కారు ముందుకు తోసుకుపోయినా గ్రిల్లుతో ఆగి రేడియేటరు దాకా పోకపోవడానికి ఆ ఖాళీయే కారణమని షెడ్డులో చెప్పారు. ఆగిన తర్వాత కూడా వెనక ఒక బండి వచ్చి నిలబడేదాకా కళ్లు అద్దంలో, కాలు బ్రేకు మీద ఉండాలి. హైవే మీద ట్రాఫిక్ ఒక్కసారి ఆగిపోతే హజార్డ్ లైట్లు వేయాలి, వెనక బండి ఆగాక తీసేయాలి. ఇంటి గోడకు వెనక్కి ఆనించి బ్రేకు నొక్కితే లైట్లు వెలుగుతున్నాయో లేదో గోడమీదే తెలిసిపోతుంది. ఇక విజయవాడ దారిలోనూ, చెన్నై–కోల్‌కతా హైవే మీదా రాత్రిపూట వెనక లైట్లు లేకుండా అంచున నిలిపిన లారీల కిందకు కార్లు దూసుకుపోవడం మనం తరచూ వార్తల్లో చూసే ఘోరం. అక్కడ ఏ పాలసీ కుటుంబానికి మనిషిని తిరిగి ఇవ్వలేదు. హెడ్‌లైట్ వెలుతురు పడే దూరంలోగా ఆగగలిగిన వేగం దాటకపోవడమే అక్కడ మన చేతిలో ఉన్నది.

క్లెయిమ్ గడువుల విషయంలో యజమానులకు ఇప్పుడు మునుపటి కంటే గట్టి ఆధారం ఉంది. మన హైదరాబాద్‌లోనే ప్రధాన కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి, సర్వేయర్ 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. నా క్లెయిమ్ ఈ గడువుల్లోనే పూర్తయింది. విభజన మాట వచ్చినప్పుడు ఫోనులో వాదించకుండా, రికార్డింగు, ఫొటోలు జతచేసి ఈమెయిల్లో రాతపూర్వకంగా జవాబు అడగడం పనిచేసింది. ఫోనులో ఒత్తిడి చేసినవారు రాతలో చేయలేదు. అప్పటికీ తేలకపోతే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌కు వెళ్లవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తిగా లేకపోయినా ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారిని) ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలూ, యానాం ఆ కార్యాలయం పరిధిలోకే వస్తాయి. రుసుము లేదు, లాయరు అవసరం లేదు, 50 లక్షల రూపాయల దాకా వివాదాలు అక్కడ తేలుతాయి.

పాలసీకి ఐదుకు నాలుగు, షెడ్డుకు ఐదు, క్లెయిమ్ ఫోన్ల విభాగానికి రెండు ఇస్తాను. రెన్యువల్ సమయంలో కంపెనీ మార్చలేదు. కన్స్యూమబుల్స్ రక్షణ చేర్చుకున్నాను, ఏడాదికి ఎన్ని క్లెయిమ్‌లకు జీరో డిప్రిసియేషన్ వర్తిస్తుందో పాలసీ కాగితంలో చూసుకున్నాను, అయిదేళ్లు దాటాక కూడా ఈ రక్షణ ఇస్తారా అని అడిగి జవాబును ఈమెయిల్లో తెప్పించుకున్నాను. ఇస్తామన్నారు. కారు వయసు పెరిగేకొద్దీ ఈ అదనపు రక్షణకు కట్టే ప్రీమియం పెరుగుతుంది కాబట్టి, ఆ అంకె వచ్చినప్పుడు పైన వేసిన లెక్కనే మళ్లీ వేసి చూడాలి.